అత్త ఎదురుచూసిన మెయిల్

మా ఇంట్లో నాకు కుర్చీ వేశారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మాది రెండు గదుల రైల్వే క్వార్టరు. ముందు వరండా, వెనక పెరడు, పెరటి గోడ అవతల రైలు పట్టాలు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ మా నాన్న ఎప్పుడో వేలంలో కొని తెచ్చుకున్నది. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న కూర్చున్నాడు, నాన్న పోయాక చుట్టాలు కూర్చుంటున్నారు. మేం మాత్రం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చాప మీదే తిన్నాం, చాప మీదే చదివాం, అలిగితే ఆ చాప మీదే ముసుగుతన్ని పడుకున్నాం. తొంభైల మొదట్లో, మస్కట్ నుంచి రెండేళ్ళ తర్వాత సెలవు మీద ఇంటికొచ్చిన నన్ను మా వదిన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. దాని మీద కొత్త తువ్వాలు కూడా పరిచింది.

"సాప మీద కూసుంటాను వదినా" అన్నాను.

"వద్దమ్మా. నీకు అలవాటు తప్పిపోయుంటాది."

అలవాటు తప్పడమేమిటి నా మొహం. నేనేమన్నా సింహాసనం మీద కూర్చుని వచ్చానా? ఆస్పత్రి వార్డులో పొద్దస్తమానం నిలబడి, రోగుల కింద పాన్లు పెట్టి తీసి, కాళ్ళు వాచిపోయి వచ్చినదాన్ని. ఆ మాట చెప్తే వదిన నవ్వింది. నేను సరదాకి అంటున్నాననుకుంది. తాగడానికి నాకు వేరే కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పోసి పెట్టారు. అదే కుళాయి నీళ్ళు తాగి పదో తరగతి పాసయ్యాను, నర్సింగ్ చదివాను. ఇప్పుడు అవి నాకు పడవట. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గుమ్మంలో నిలబడి, కుర్చీలో ఉన్న నన్ను ఎగాదిగా చూసి, "తెల్లబడినావే" అని వెళ్ళిపోతున్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

వీటన్నిటికంటే ముందు, గుమ్మంలో చెప్పులు విడవకుండానే నేనడిగిన మొదటి మాట వేరే ఉంది. "అత్త ఏది?" అన్నాను.

"ఊరెల్లినాది" అంది వదిన, నా సంచీ అందుకుంటూ. "ఆళ్ళ మరిది మనవరాలి పెల్లంట. వచ్చేస్తాది."

"ముందు తానం సేసి రా" అన్నాడు అన్నయ్య. "నీళ్ళు కాగినాయి."

ఎండలు ముదురుతున్నాయి, చన్నీళ్ళు చాలన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

అత్తంటే నాన్న చెల్లెలు, నా మేనత్త. నేను అక్షరాలు దిద్దుకునే వయసులో మా అమ్మ పోతే, టెక్కలి దగ్గర పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి మా ఇంట్లో దిగింది. అప్పటికే ఆమె భర్త లేడు, పిల్లలు లేరు. అన్నయ్యనీ నన్నూ పెంచింది ఆమే. నేను నర్సింగ్‌కి వెళ్తానంటే వీధి వీధంతా మూతి విరిచింది. పరాయి మగాళ్ళ ఒళ్ళు తుడిచే పని మనకెందుకన్నారు. "ఆళ్ళ ఒళ్ళు మీరొచ్చి తుడుస్తారేటి?" అని అడిగి అందరి నోళ్ళూ మూయించింది అత్తే. మస్కట్ ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అన్నయ్య కాదంటే, రెండు రోజులు అన్నం మానేసి ఒప్పించింది.

అత్తకి గడియారం చూడ్డం రాదు. రైళ్ళు వినడం వచ్చు. పెరట్లో అంట్లు తోముతూ, తలెత్తకుండానే, గోడవతల వెళ్ళే బండి ఏదో చెప్పేసేది. ఇది మెడ్రాసు మెయిల్, ఇది పూరీ పాసింజరు, ఇది బొగ్గు గూడ్సు, ఇదేదో దారి తప్పిన కొత్త బండి. ఒక బండికి ఎసరు పెట్టేది, ఇంకో బండికి మమ్మల్ని స్కూలుకి తోలేది. వర్క్‌షాపు సైరన్ని కూడా నమ్మేది కాదు. సైరన్ కొట్టేవాడు కునుకు తీస్తాడేమోగానీ బండి తియ్యదు కదా అనేది.

ఎవరైనా రైలు దిగి వస్తున్నారంటే ఆమెకి ఒక పద్ధతుండేది. బండి రాకముందే బొగ్గుల పొయ్యి మీద పెద్ద డేగిసాతో నీళ్ళు పడెయ్యాలి. దిగినవాళ్ళు ఒంటినిండా బొగ్గు నుసితో వస్తారు, గుమ్మంలోంచి తిన్నగా స్నానానికే వెళ్ళాలి. పొగబళ్ళు పోయి డీజిళ్ళు వచ్చాయి, కరెంటు బళ్ళు వచ్చాయి, నుసి పోయింది. అత్త నీళ్ళు మాత్రం కాగుతూనే ఉన్నాయి. మేం నవ్వేవాళ్ళం.

నేను వచ్చేది ఎప్పుడూ ఒకటే దారి. మస్కట్ నుంచి విమానంలో బొంబాయి, అక్కణ్ణుంచి బొంబాయి మెయిల్. మెయిల్ మా ఊరికి తెల్లవారుతూ వస్తుంది. ఒక్కసారి కూడా నేను వచ్చేసరికి అత్త నిద్రలో లేదు. ఈసారి ఆమె లేదు. ఆమె కోసం తెచ్చిన టార్చిలైటు నా పెట్టెలో ఉంది. పాయిఖానా పెరటి చివర కావడంతో చీకట్లో తడుముకుంటూ వెళ్ళేదని, పెద్ద వెలుగొచ్చేది ఏరి ఏరి తెచ్చాను.

రెండో రోజు కూడా ఊర్నుంచి రాలేదు. మూడో రోజూ రాలేదు. ఎప్పుడొస్తుందని అడిగితే వదిన పోపు మాడుతోందని లోపలికి పోయేది. అన్నయ్యని అడిగితే డ్యూటీకి టైమైందనేవాడు. అన్నయ్య గూడ్సు బళ్ళకి గార్డు. డ్యూటీ ఎప్పుడో, ఎక్కడికో ఆయనకే తెలియాలి, కాబట్టి ఆ సాకు ఎప్పుడైనా చెల్లుతుంది. అత్త మంచం వరండాలో లేదు. నవారు తెగిపోతే బాగుచెయ్యడానికి ఇచ్చామన్నారు. అత్త ట్రంకు పెట్టె లేదు. ఊరికి పట్టుకెళ్ళిందన్నారు. పెళ్ళికి వెళ్ళే మనిషి తన ఆస్తంతా మూటగట్టుకుని వెళ్తుందా అని నాకు తోచకపోలేదు. అయినా నమ్మాను. ఎందుకంటే చెప్పినవాడు నా అన్న. గోల్‌బజార్లో నన్ను తోసుకుని ముందుకొచ్చిన ప్రతివాడి మీదా అరిచాను, కొట్టువాడు చిల్లర విసిరితే అరిచాను, వరస అనేది ఒకటుంటుందని తెలీదా అని నడిబజార్లో నిలబడి అరిచాను, వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నా అరిచాను. ఇంట్లో మాత్రం అడిగిన ప్రతిదానికీ వచ్చిన సమాధానం పుచ్చుకుని ఊరుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం పక్క క్వార్టరు బౌదీ వచ్చింది. ఆమెది బెంగాలీ కుటుంబం, బౌదీ అంటే వాళ్ళ భాషలో వదిన. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. అత్తా ఆమే గోడకి చెరోవైపు నిలబడి, అత్త తెలుగులో, ఆమె బెంగాలీలో, గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఏ మాటా ఆగేది కాదు. మేదినీపూర్లో కూతురి పురుడుకి వెళ్ళి ఆ రోజే తిరిగొచ్చిందట. నన్ను చూడగానే దగ్గరకొచ్చి, నా తల మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుంది.

"పిసీమా తోమార్ జోన్నొ కొతో ఒపేఖ్ఖా కోర్లో" అంది. "తుమి ఎలే నా కేనో?"

మేనత్త నీ కోసం ఎంత ఎదురుచూసిందో, నువ్వెందుకు రాలేదు అని.

నాకు మొదట అర్థం కాలేదు. అత్త ఊర్నుంచి ఇంకా రాలేదు బౌదీ అన్నాను బెంగాలీలో. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత లోపల వంటింటి గుమ్మంలో నిలబడిపోయిన వదిన వైపు చూసింది. ఆమె తెలివైన మనిషి. చెయ్యి నా తల మీద నుంచి తియ్యకుండానే, పిసీమా పోయింది తల్లీ, శ్రావణంలో, వానల్లో, అని నెమ్మదిగా చెప్పింది. ఇంటిల్లిపాదీ చెప్పని మాట పక్కింటావిడ ఒక్క ముక్కలో చెప్పింది.

తర్వాత తెలిసింది, వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ అన్నయ్య ముందుగానే వెళ్ళి చెప్పి వచ్చాడట. సెల్లికి తెలీదు, మెల్లిగా నేను సెప్పుకుంటాను, ఎవులూ నోరు జారొద్దని. అందరూ సరేనన్నారు. గుమ్మంలోకి వచ్చి తెల్లబడినావే అన్నవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళందరూ అత్త పెద్దకర్మకి వచ్చి, విస్తట్లో భోంచేసి వెళ్ళినవాళ్ళే. అన్నయ్య ఇలా చెప్పి వచ్చేనాటికి ఊళ్ళో లేదు కాబట్టి బౌదీ ఒక్కతే మిగిలిపోయింది.

నేను చేసే పని సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఆస్పత్రిలో మనిషి పోతే దాచరు. డాక్టరు చెప్తాడు, పక్కన నర్సు ఉండాలి. చాలాసార్లు ఆ నర్సుని నేనే. రోగి మనవైపు మనిషైతే, ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఫోన్ కలిపి చెప్పే పని కూడా నాదే. వెళ్ళిన కొత్తలో ఇదేం రాక్షసత్వం, ఇంత పచ్చిగానా చెప్పడం అనుకున్నాను. మా పెద్ద నర్సు నాకు నేర్పింది. మొదటి వాక్యంలోనే చెప్పు, డొంకతిరుగుడు వద్దు, నీ భయం వాళ్ళ నెత్తిన పెట్టకు, చెప్పాక పక్కన కూర్చుని నీళ్ళివ్వు అంది. కేరళలో ఉన్న అన్నదమ్ములకి చెప్పాను, రాజమండ్రి పక్క ఉన్న పెళ్ళానికి చెప్పాను. ఫోన్లో ఏడుస్తుంటే గొట్టం పెట్టెయ్యకుండా అవతలివాళ్ళు తేరుకునేదాకా ఉన్నాను. మా ఇంట్లో నాకు నీళ్ళు ముందిచ్చారు. కాచి, చల్లార్చి, సీసాలో పోసి మరీ ఇచ్చారు. చెప్పాల్సిన వాక్యం మాత్రం నాలుగు రోజులైనా చెప్పలేదు.

మర్నాడు పొద్దెక్కాక అన్నయ్య డ్యూటీ దిగి వచ్చాడు. తెల్ల యూనిఫారం నలిగిపోయి ఉంది. నేను కుర్చీలోంచి లేచి చాప మీద కూర్చున్నాను. కావాలనే.

"అన్నియ్యా, అత్త ఎప్పుడు పోనాది?"

చేతిలో సంచీ కింద పెట్టాడు. "నీకెవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పినారన్నది కాదు. నువ్వు సెప్పలేదు, అది సెప్పు."

"సెప్తే ఏటి సేస్తావు?" అన్నాడు. "మస్కట్ ఏటైనా మేదినీపూరా, లోకల్ ఎక్కి వచ్చేయడానికి? నీకు సెలవిస్తారేటి? ఒక్కత్తెవే గదిలో కూకుని ఏడుస్తావు. ఊరుకోబెట్టే మనిషి కూడా నేదు."

"సెలవిస్తారో లేదో నన్ను అడిగినావా?"

"అడగడానికి సెప్పాల కదా."

ఆ మాటకి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆస్పత్రిలో తాతగారికి జబ్బుగా ఉందంటేనే సెలవిచ్చి పంపారు ఒక అమ్మాయిని. ఆ సంగతి అన్నయ్యకి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఆడపిల్ల బాధపడుతుందని తనే అనుకుని, బాధపడకూడదని తనే తేల్చేసి, నా వంతు దుఃఖం కూడా తనే తీసి దాచేశాడు. నేనేమో నెలకొకసారి, నాకు సెలవుండే శుక్రవారం, ఝపటాపూర్ బూత్‌కి ఫోన్ చేసేదాన్ని. వీళ్ళు వచ్చి కూర్చునేవారు. అత్త ఎప్పుడూ బూత్‌కి రాలేదు, ఆ గొట్టంలో మాట్లాడితే నువ్వింకా దూరం ఎల్లిపోయినట్టుంటాది అని. అందుకని అబద్ధం సులువైపోయింది. గుడికెళ్ళింది, పడుకుంది, మోకాళ్ళ నొప్పులు, బాగానే ఉంది. శ్రావణం తర్వాత చేసిన ప్రతి ఫోనులోనూ నేను అత్తని అడిగాను. ప్రతిసారీ బాగానే ఉందన్నారు. ఒకసారి వదిన, నీకోసం ఆవకాయ దాచిపెట్టింది అని కూడా చెప్పింది.

"మన తాత పోనప్పుడు నీకెలా తెలిసింది అన్నియ్యా?" అన్నాను.

 ఆయనకి గుర్తుంది. తాత టెక్కలి దగ్గర పోతే, పలాసలో బండెక్కిన గార్డుకి ఎవరో చెప్పారు. అతను ఖుర్దాలో ఎక్కే గార్డుకి చెప్పాడు. అతను భద్రక్‌లో ఇంకొకరికి. మా నాన్న పొద్దున పళ్ళు తోముకుంటుంటే, బండి దిగి వచ్చిన ఆ ఆఖరి గార్డు యూనిఫారంతోనే మా గుమ్మంలో నిలబడి కబురు చెప్పాడు. టెలిగ్రాం మర్నాడు వచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు, మోసినందుకు ఏమీ రాని కబురుని, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని మా ఇంటిదాకా తెచ్చారు. ఈ ఊళ్ళో మనుషులు బతికేది అలాగే. ఆ పని చేసే గార్డుల్లో మా అన్నయ్య ఒకడు. ఎవరెవరి ఇళ్ళకో చావు కబుర్లు మోసినవాడు నా దగ్గరకొచ్చేసరికి మింగేశాడు.

"పరాయోళ్ళకి సెప్పడం వేరు" అన్నాడు చివరికి. "సొంత మనిషికి సెప్పడం వేరు. నీకు తెలీదు."

నాకు తెలీదా. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వీధంతా విన్నారు. వినాలనే తిట్టాను. నువ్వు దాచింది నా మేలు కోరి కాదు, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, అన్నాను. అన్నయ్య పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నా కోపం అక్కడితో ఆగిపోతే బహుశా కొన్నాళ్ళకి చల్లారేదేమో. బౌదీ అన్న మాటలో ఒక ముక్క నాకు అడ్డం పడుతూనే ఉంది. నువ్వెందుకు రాలేదు అంది. నాకు చెప్పలేదని తెలియక అని ఉంటుందిలే అనుకున్నాను మొదట. కానీ ఎంత ఎదురుచూసిందో అని కూడా అంది. రాదని తెలిసిన మనిషి కోసం ఎవరూ అలా ఎదురుచూడరు. మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్ళి వదినని అడిగాను. అత్తకి ఏం చెప్పారు అని.

వదిన బియ్యం ఏరుతోంది. నా కోపం చల్లార్చడానికి ఇదే సమయం అనుకున్నట్టుంది పాపం, చాట పక్కన పెట్టి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"నీ పేరే తలిసింది అమ్మా, పడిపోనప్పటి నుంచీ. గుంటకి కబురెట్టండి, ఒక్కసారి సూస్తాను అంది. మీ అన్నియ్య పెట్టీసినాను అత్తా, బయిల్దేరిపోనాది, రేపు మెయిల్‌కి వస్తాది అని సెప్పినారు. ఆ మాటకి మొహం ఎంత ఇలాగైపోనాదో." చేత్తో తన మొహం చుట్టూ గుండ్రంగా చూపించింది. "మర్నాడు అడిగితే మళ్ళీ రేపు మెయిల్‌కే అన్నారు. ఇమానం దొరకనేదంట, బొంబాయిలో ఉండిపోనాదంట, ఏదో ఒకటి. రోజూ రేపే. అలాగ పది రోజులు సంతోసంగా ఉన్నాది. లేపోతే అప్పుడే పోయీది."

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వదినకి అర్థం కాలేదు. ఆమె ఇంకా చెప్తోంది.

"పొద్దున్నే లేచి నీళ్ళు కూడా పెట్టీదాన్ని. ఆ మంచం మీద నుంచి పొయ్యి అవుపడతాది కదా. నీళ్ళు పెట్టినావా అనేది. పెట్టినాను అత్తా అనీదాన్ని. ఆకరి రోజు కూడా, ఇంకా రానేదేటి అంది. మీ అన్నియ్య బండి లేటు అత్తా అన్నారు. అయితే నీళ్ళు సల్లారిపోతాయి, మళ్ళీ పెట్టు అంది. అదే ఆకరి మాట. ఎంత పుణ్యం సేసుకుంటే అలాగ పోతారు సెప్పు, ఎవరికోసమో నీళ్ళు కాగబెట్టమని."

వదిన చెడ్డ మనిషి కాదు. అత్తకి పది రోజులూ ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, గంజి పట్టింది. ఆ పని ఎంత కష్టమో నాకంటే తెలిసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అయినా ఆ క్షణంలో ఆ మొహం చూడలేకపోయాను. తను నాకు ఓదార్పు చెప్తున్నాననుకుంటోంది. నాకేమో, నన్ను పెంచిన మనిషి కళ్ళముందు పది రోజులపాటు నన్ను రాని మనిషిని చేసి నిలబెట్టారని వినిపిస్తోంది. కబురు అందింది, బయల్దేరింది, అయినా రాలేదు. రేపన్నది, రేపూ రాలేదు. అత్త పోయేముందు నా గురించి తెలుసుకున్నది అది. ఎవరితో చెప్పుకోను? ఎవరొచ్చి దిద్దుతారు? నాకు చెప్పకపోవడం నా మీద చేసిన తప్పు. దాన్ని తిట్టగలను, తిట్టాను కూడా. అత్తకి చెప్పినదాన్ని ఇంక ఏం చేసినా వెనక్కి తీసుకోలేను.

పెరటి గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. వింటున్నాడు.

"రాదు అని ఎలాగ సెప్పాల ఆవిడికి?" అన్నాడు. "నీకు సెప్తే నువ్వక్కడ ఏడుస్తావు. ఆవిడికి సెప్తే ఇక్కడ ఏడుస్తాది. ఇద్దరూ ఏడకుండా సూసినాను. తప్పేటుంది?"

"అన్నియ్యా, అత్తకి ఆఖర్న సెవులు బాగా వినిపించేవా?"

ఆ ప్రశ్న ఎందుకడిగానో ఆయనకి వెంటనే తెలియలేదు. వదినే చెప్పింది. "శుభ్రంగా వినిపించేవి. గుసగుసగా అన్నా పలికేది."

నాకు తెలుసు. మా వార్డులో కొత్తగా వచ్చిన పిల్లలకి మొదట చెప్పేది అదే. కళ్ళు మూతపడ్డా, మాట పడిపోయినా, చెవులు చివరిదాకా ఉంటాయి, మంచం దగ్గర నోరు జాగ్రత్త అని.

"అయితే మెయిల్ రావడం అత్తకి వినిపించే ఉంటాది కదా" అన్నాను. "రోజూ వచ్చి, ఆగి, హౌరా వైపు ఎల్లిపోడం వినిపించే ఉంటాది. పెరటి గోడ అవతలే కదా పట్టాలు. బండి పేరు మనకి సెప్పిన మనిషి కదా ఆవిడ. ఆ మనిషికి నువ్వు బండి లేటు అని సెప్పినావు."

అన్నయ్య గుమ్మం పట్టుకున్నాడు. వదిన చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఆ ఆలోచన వాళ్ళిద్దరికీ అప్పటిదాకా రాలేదని మొహాలు చూస్తే తెలుస్తోంది. రైళ్ళతోనే బతికే మా అన్నయ్య, ఏ బండి ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, అబద్ధం చెప్పడానికి వేరే ఏదీ దొరకనట్టు రైలుని వాడుకున్నాడు. అదీ అత్త దగ్గర. మెయిల్ వచ్చిందని విని, నేను దిగలేదని తెలుసుకుని, అయినా వాళ్ళ మొహం చిన్నబోకూడదని మళ్ళీ నీళ్ళు పెట్టమందేమో. లేకపోతే నేను స్టేషన్లో దిగి కూడా ఇంటికి రాలేదనుకుందేమో. రెండింట్లో ఏదనుకుందో నాకు ఈ జన్మలో తెలియదు. అలా తెలియకుండా చేసినందుకే నా కోపం.

ఇంకా వారం రోజులు సెలవుంది. ఆ వారం ఆ ఇంట్లోనే ఉన్నాను. వేరే ఎక్కడికి పోతాను? కుర్చీలో కూర్చోలేదు. సీసా నీళ్ళు పారబోసి కుళాయి కింద చెయ్యి పెట్టి తాగాను. వీధిలో ఎవరు పలకరించినా, అత్త పోయిందని మీకు తెలుసు కదా అని అడిగాను, వాళ్ళు తలుపు వెనక్కి పోయేదాకా. ఒకాయన, దాదా అని పిలుచుకునే పెద్దమనిషి, మీ అన్నయ్య మంచికే చేశాడమ్మా, ఫారిన్‌లో ఉన్నవాళ్ళకి ఇలాంటివి చెప్పకూడదు అని హితవు చెప్పబోయాడు. ఫారిన్‌లో ఉన్నవాళ్ళకి అత్తలుండరా అని అడిగాను. ఉంటారనుకో అని నసిగాడు. టార్చిలైటు బౌదీకి ఇచ్చాను. ఆమె వద్దనలేదు, ఎవరి కోసం తెచ్చావని అడగనూ లేదు.

వదిన నాతో మాట్లాడుతూనే ఉంది. వండి పెడుతూనే ఉంది. ఒకరోజు కూరలో ఉప్పు మర్చిపోయింది. అత్త ఉంటే ఆ కూర గురించి సంక్రాంతి దాకా చెప్పేదని ఇద్దరికీ ఒకేసారి తోచింది కాబోలు, ఒకరినొకరు చూసుకుని ఇద్దరం కళ్ళు దించుకున్నాం. అన్నయ్య మాత్రం నా ఎదుట పడకుండా డ్యూటీ మీద డ్యూటీ వేయించుకున్నాడు.

నేను వెళ్ళే రోజు మాత్రం వచ్చాడు. మధ్యాహ్నం బొంబాయి వెళ్ళే గీతాంజలికి నా టికెట్టు. పెట్టె తనే మోశాడు, కూలీని పెట్టనివ్వలేదు. మా ఊరి ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే కాళ్ళు పడిపోతాయి. నా బోగీ ఆ చివర్న ఆగుతుంది. ఆ దూరమంతా ఆయన ముందు, నేను వెనక నడిచాం. దారిలో ఎదురైన టీటీలు, గార్డులు, పోర్టర్లు అందరూ పలకరించారు. సెల్లికి సెలవైపోనాదా అన్నారు. అయిపోనాది అన్నాడు.

బండి వచ్చింది. నా సీటు చూసి, పెట్టె కింద సర్ది, కిందకి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీ కమ్మీల మీద చెయ్యి వేశాడు. నా కోసం అమ్మలా నిలబడ్డ మనిషి పోయింది, మిగిలింది ఈయనొక్కడే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంజను కూత వేసింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావే?" అన్నాడు.

"రేపు మెయిల్‌కి వస్తాను అన్నియ్యా" అన్నాను.

కమ్మీల మీద నుంచి చెయ్యి తీసేశాడు. బండి కదిలింది.